మాంటేగు విన్నాడు, మనకేం దక్కింది?

(వరికుంటపాడులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేం ఒక తెల్లదొర గురించి మాట్లాడబోతున్నాం. ఉదయగిరి మెట్టలో నిలబడి లండన్ నాయకుడి కథ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మద్రాసు నుంచి విడదీసి మా రాష్ట్రం మాకివ్వండని తెలుగువాళ్లు అడిగినప్పుడు ఆ అర్జీ అందుకున్న బ్రిటిష్ మంత్రి ఆయన. పేరు ఎడ్విన్ శామ్యూల్ మాంటేగు. మన పుస్తకాల్లో మాంటేగు-చేమ్స్‌ఫర్డ్ సంస్కరణలు అనే రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయాడు. ఆ రెండు మార్కుల వెనుక మనకు పనికొచ్చే పాఠం చాలా ఉంది.

ముందు మనిషిని చూద్దాం. 1879 ఫిబ్రవరి 6న లండన్‌లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ మాంటేగు పెద్ద బ్యాంకరు, యూదు మత నిష్ఠ గలవాడు. కొడుకు కేంబ్రిడ్జిలో చదివాడు. అక్కడి విద్యార్థుల చర్చావేదికకు అధ్యక్షుడయ్యాడు. 1906లో లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటుకు గెలిచాడు. 1908లో ప్రధాని అయిన ఆస్క్విత్‌కు దగ్గరివాడు. 1910 నుంచి 1914 దాకా ఇండియా ఆఫీసులో ఉపమంత్రి. యుద్ధకాలంలో ఆయుధాల మంత్రి. 1917 జులైలో భారత మంత్రి అయ్యాడు. అప్పటికి వయసు 38 ఏళ్లు.

పదవిలోకి వచ్చిన కొద్ది వారాలకే, ఆగస్టు 20న, ఒక ప్రకటన చేశాడు. భారతదేశానికి బాధ్యతాయుత ప్రభుత్వాన్ని మెట్టుమెట్టుగా ఇవ్వడమే తమ విధానమన్నాడు. యుద్ధంలో మన సైనికులు, మన డబ్బు, మన ధాన్యం కావాల్సి వచ్చిన రోజులవి. ఉత్తపుణ్యానికి వచ్చిన ప్రకటన కాదని గుర్తుంచుకోండి. అయినా గత మంత్రుల్లా లండన్‌లో కూర్చోలేదు. నవంబరులో ఓడ దిగి దేశమంతా తిరిగాడు. వైస్రాయి చేమ్స్‌ఫర్డుతో కలిసి వందల అర్జీలు తీసుకున్నాడు.

అప్పటికి తెలుగు జిల్లాల్లో కదలిక మొదలై నాలుగేళ్లయింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. మద్రాసు రాష్ట్రంలో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నా కొలువుల్లో, కాలేజీల్లో, కౌన్సిల్లో మా వాటా ఎక్కడని అడిగిన సభ అది. మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు ఆంధ్ర ప్రతినిధులు వెళ్లి వినతిపత్రం ఇచ్చారు. 1918 జనవరిలో కాంగ్రెసు ఆంధ్రకు వేరే రాష్ట్ర శాఖను ఏర్పాటు చేసింది. ఫిబ్రవరిలో విశాఖ నాయకుడు బయ్యా నరసింహేశ్వర శర్మ ఢిల్లీ శాసనమండలిలో భాషల ప్రకారం రాష్ట్రాలను విభజించాలని తీర్మానం పెట్టాడు. అది ఓడిపోయింది.

మరి మాంటేగు ఏమన్నాడు? 1918లో వెలువడిన నివేదికలో ఈ విషయం మీద ఒక పేరా ఉంది. దాని సారాంశం చెప్తాం, జాగ్రత్తగా వినండి. రాష్ట్రాలు చిన్నవిగా, ఒకే తీరు ప్రజలతో ఉంటే పాలన సులువవుతుందని ఒప్పుకున్నాడు. శాసనసభ పనులు స్థానిక భాషలో జరిగితే ఇంగ్లీషు రాని మనుషులు కూడా రాజకీయాల్లోకి వస్తారని ఒప్పుకున్నాడు. ఇంతకంటే మంచి వాదన మన నాయకులైనా చెప్పలేరు. ఆ తర్వాత ఒక్క మాట కలిపాడు. ఇది అధికారులు పైనుంచి రుద్దే పని కాదు, సంస్కరణలు వచ్చాక ప్రజలే చూసుకోవాలి అని. అంటే న్యాయమే గానీ ఇప్పుడు కాదు!

ఆ 'ఇప్పుడు కాదు' ఖరీదెంత? మాంటేగుకు అర్జీ ఇచ్చింది 1917లో. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. ముప్పై ఆరేళ్లు. నడుమ 1936లో ఒడిశాకు, సింధుకు వేరే రాష్ట్రాలు వచ్చాయి, మనకు రాలేదు. 1938లో మద్రాసు శాసనసభే తీర్మానం చేసినా లండన్ కదల్లేదు. ఆఖరికి పొట్టి శ్రీరాములు 58 రోజులు అన్నం మాని 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలితే గానీ ఢిల్లీ కదల్లేదు. ఆయన పెద్దల ఊరు పడమటిపల్లె మనకు పక్కనున్న కనిగిరి ప్రాంతంలోనే ఉంది. 1970 దాకా అది కూడా నెల్లూరు జిల్లాయే. మంత్రి సానుభూతి ఒక పేరా అయింది. మన జిల్లా మనిషి ప్రాణం ఒక రాష్ట్రమయింది.

ఆ సంస్కరణలు రైతుకు ఏం తెచ్చాయో కూడా చూద్దాం. 1919 చట్టం పాలనను రెండుగా చీల్చింది. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు మన మంత్రుల చేతికిచ్చారు. శిస్తు, పోలీసు, నీటిపారుదల గవర్నరు మనుషుల దగ్గరే ఉంచుకున్నారు. బడి మీ వాళ్లు చూసుకోండి, చెరువూ కాలువా మేం చూస్తాం అన్నమాట! అప్పటికే నెల్లూరు, సంగం ఆనకట్టలతో పెన్నా కింది పల్లానికి నీళ్లు పారుతున్నాయి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు వానే దిక్కు. మా మెట్టకు నీళ్లేవని అడగటానికి మన మంత్రి అనేవాడికి ఆ శాఖే లేదు. ఓటు కూడా ఆస్తీ పన్నూ ఉన్నవాళ్లకే. మెట్ట కూలీకి ఆ సంస్కరణలు వచ్చిన సంగతే తెలిసి ఉండదు.

మాంటేగు చెడ్డవాడా? కాదు. అక్కడే అసలు చిక్కుంది. విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం ఆయన మంత్రిగా ఉండగానే, 1919 మార్చిలో వచ్చింది. మరుసటి నెలలో జలియన్‌వాలాబాగ్ జరిగింది. 1920 జులై 8న పార్లమెంటులో డయ్యరు మీద చర్చ వచ్చినప్పుడు ఆయన వెనకడుగు వేయలేదు. భయపెట్టి, జాతిని అవమానించి దేశాన్ని ఏలతారా అని సొంత జాతివాళ్లను నిలదీశాడు. ఎదుటి బెంచీలు గోల చేశాయి, యూదుడని ఎత్తిపొడిచాయి. ప్రభుత్వం కామన్స్‌లో నెగ్గింది గానీ ప్రభువుల సభ డయ్యరు వైపే మాట్లాడింది.

1922 మార్చిలో ఆయన పదవి పోయింది. టర్కీతో సంధి షరతులు సడలించాలని వైస్రాయి రీడింగ్ పంపిన తంతిని మంత్రివర్గానికి చెప్పకుండా అచ్చు వేయడానికి అనుమతిచ్చాడు. ప్రధాని లాయిడ్ జార్జి రాజీనామా అడిగాడు. అదే నెలలో ఇక్కడ గాంధీని అరెస్టు చేశారు. ఆ ఏడాది చివర ఎన్నికల్లో మాంటేగు తన సీటు కూడా పోగొట్టుకున్నాడు. 1924 నవంబరు 15న, 45 ఏళ్లకే చనిపోయాడు. ఒక్క తంతితో పడిపోయే మనిషి మీద ఒక జాతి ఆశలు పెట్టుకోవచ్చా?

తెల్లవాళ్ల సంగతి అటుంచుదాం. మనలో మనం రాసుకున్నదేమైంది? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. అందరూ అది రాయలసీమ కాగితమే అనుకుంటారు. చదవండి. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల మీద కట్టే పెద్ద ప్రాజెక్టుల్లో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరుకూ తొలి ప్రాధాన్యం అని ఉంది. నెల్లూరు పేరు అందులో రాసి ఉంది! కానీ 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టంలో ఆ నీటి హామీకి చోటు దొరకలేదు.

2014కి రండి. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రత్యేక హోదా ఐదేళ్లన్నారు ప్రధాని. పదేళ్లు కావాలన్నారు వెంకయ్యనాయుడు గారు, రెండుసార్లు మన ఉదయగిరి నుంచే ఎమ్మెల్యేగా గెలిచినవారు. రెండూ నోటిమాటలే. చట్టంలో ఎక్కలేదు, కాబట్టి రాలేదు. చట్టంలో ఎక్కింది వెనుకబడిన ప్రాంతాల సాయం, రాయలసీమకూ ఉత్తరాంధ్రకూ. ఆ కింద ఏడు జిల్లాలకు డబ్బు వచ్చింది. 1937 కాగితంలో ఉన్న నెల్లూరు ఆ జాబితాలో లేదు. మన మెట్టకూ నీళ్లిస్తామన్న వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు, సొరంగాల ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. వరికుంటపాడు పేరులో వరీ ఉంది, కుంటా ఉంది. నీళ్లు మాత్రం కాగితం మీదే ఉన్నాయి.

మిత్రులారా, మాంటేగు జీవితం మనకు చెప్పేది ఇదే. విన్నవాడు వేరు, ఇచ్చేవాడు వేరు. న్యాయమే అన్న ప్రతివాడినీ నాలుగు ప్రశ్నలడగండి. ఎప్పటిలోగా? ఏ చట్టంలో? ఎంత డబ్బు? ఇవ్వకపోతే ఎవరు జవాబుదారీ? రాజ్యాంగం మూడో అధికరణ కింద రాష్ట్రాల హద్దులు మార్చేది పార్లమెంటు, శాసనసభది అభిప్రాయం మాత్రమే. 2014 జనవరిలో సభ బిల్లును తిప్పికొట్టినా జూన్ 2న తెలంగాణ వచ్చింది. దాని వెనుక దశాబ్దాల పోరాటముంది, ఎందరో యువకుల ప్రాణాలున్నాయి.

విద్యార్థులూ, ఆ పాత నివేదికలు చదవండి. శ్రీబాగ్ కాగితం చదవండి. ఉద్యోగులూ, జీవోల్లోని ప్రతి మాటకూ అర్థం ఊళ్లో రైతుకు విడమరిచి చెప్పండి. మన అర్జీ ఎవరు తీసుకున్నారన్నది కాదు లెక్క. చట్టంలో ఎక్కిందా, కాలువలో పారిందా అన్నదే లెక్క!