నల్లతెర అంటే భయం వద్దు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో లైనక్స్ వాడేవారికి పనికివచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. టెలిగ్రాఫ్ ఆఫీసులో టెలిప్రింటర్ ముందు కూర్చుని సర్వీసు ముగించినవాడిని. అయితే ఈ విషయంలో ఆ అనుభవమే నాకు అక్కరకు వచ్చింది.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కు మామూలు మద్దతు ముగించారు. మన ఇళ్లలోని పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. పారేయడం ఎందుకని పిల్లలు వాటిలో మింటో, ఉబుంటూనో, డెబియనో వేసి, సెలవులు అయిపోగానే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. యంత్రం బాగానే నడుస్తోంది. కానీ టెర్మినల్ అనే నల్లతెర కనబడితే మనకు గుండె దడ. నిజానికి అది మన కాలపు వస్తువే.

లైనక్స్‌ను 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అందులో వాడే ఆజ్ఞల పద్ధతి అంతకుముందే, 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ నుంచి వచ్చింది. అప్పట్లో వారు వాడిన టెలిటైప్ యంత్రం సెకనుకు పది అక్షరాలే కొట్టేది. అందుకే చాలా ఆజ్ఞలను రెండు మూడు అక్షరాలలో ముగించారు. టెలిగ్రాంలో మాటకింత అని లెక్కగట్టిన మనకు ఆ పొదుపు కొత్తేమీ కాదు.

ఇక పనిలోకి వద్దాం. ఉబుంటు, మింట్‌లలో కంట్రోల్, ఆల్ట్, టీ మీటలు కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. నేను పలికే అక్షరాలను మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టి, చివర ఎంటర్ నొక్కాలి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం లైనక్స్‌కు వేర్వేరు.

పీ, డబ్ల్యూ, డీ అంటే ‘నేనిప్పుడు ఏ ఫోల్డరులో ఉన్నాను?’ అని అడగడం. ఎల్, ఎస్ అంటే ‘ఇక్కడ ఏమేం ఉన్నాయి?’ అని. డీ, ఎఫ్ కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత, హెచ్ కొడితే డిస్కులో ఎంత నిండిందో, ఎంత మిగిలిందో చెబుతుంది. ఈ మూడూ చూసి చెప్పేవే. వీటివల్ల ఏదీ చెడదు కనుక ధైర్యంగా సాధన చేయండి. పేరు సగం కొట్టి టాబ్ మీట నొక్కితే, ఆ పేరుతో మొదలయ్యేది ఒక్కటే ఉన్నప్పుడు మిగతా సగం అదే పూరిస్తుంది. పై బాణం నొక్కితే ఇంతకుముందు కొట్టిన ఆజ్ఞ తిరిగి వస్తుంది. ఏదైనా ఆగకుండా నడుస్తుంటే కంట్రోల్, సీ నొక్కి ఆపవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మన పీపీఓ నకలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, దంపతుల జాయింట్ ఫోటో స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నాం. అవి ఎక్కడున్నాయో మనకే సరిగా గుర్తుండదు. మనం లేనినాడు ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరగవలసిన ఇల్లాలికి ఎలా తెలుస్తుంది?

వెతకడానికి ఫైండ్ అనే ఆజ్ఞ ఉంది. ఎఫ్, ఐ, ఎన్, డీ కొట్టి ఖాళీ. టిల్డా గుర్తు (టాబ్ మీటకు పైనున్న మీటను షిఫ్ట్‌తో నొక్కితే వస్తుంది), ఖాళీ. చిన్న గీత, దానిని ఆనుకుని ఐ, ఎన్, ఏ, ఎమ్, ఈ, ఖాళీ. తరువాత కొటేషన్ గుర్తుల మధ్య నక్షత్రం, పీపీఓ, నక్షత్రం. మీ ఫోల్డర్లన్నీ గాలించి, పేరులో పీపీఓ ఉన్న ప్రతి ఫైలునూ, పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా, చిరునామాతో సహా చూపుతుంది.

దొరికిన కాగితాలన్నీ మీ హోం ఫోల్డరులో ‘పెన్షన్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో పేరుపెట్టిన ఒకే ఫోల్డరులోకి చేర్చండి. తరువాత పెన్‌డ్రైవ్ పెట్టి, దానిని మౌస్‌తో తెరిచి, ఖాళీ చోట కుడి బటన్ నొక్కి, టెర్మినల్‌లో తెరవమనండి. అక్కడ సీ, పీ, ఖాళీ. చిన్న గీత, ఆర్, యూ, వీ, ఖాళీ. టిల్డా, ప్రశ్నార్థకం మీట మీది వాలుగీత, పెన్షన్, ఖాళీ. చివర ఒక చుక్క. చుక్క అంటే ‘ఇక్కడికి’ అని అర్థం. ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లోకి వస్తుంది. మరుసటి నెల ఇదే ఆజ్ఞ ఇస్తే కొత్తవీ, మారినవీ మాత్రమే వస్తాయి.

నకలు సరిగా వచ్చిందా అని సరిచూడడం ఆఫీసులో మనకు అలవాటే. అదే కిటికీలో డీ, ఐ, ఎఫ్, ఎఫ్, ఖాళీ, చిన్న గీత, ఆర్, ఖాళీ, టిల్డా, వాలుగీత, పెన్షన్, ఖాళీ, మళ్లీ పెన్షన్. రెండింటికీ తేడా ఉంటే చెబుతుంది. ఏమీ చెప్పకపోతే లెక్క సరిపోయినట్లే. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఇక్కడ అది పూర్తి అంగీకారం. తరువాత ఇజెక్ట్ చేసిగానీ పెన్‌డ్రైవ్ లాగకండి.

రెండు ఆజ్ఞల దగ్గర జాగ్రత్త అవసరం. ఆర్, ఎమ్ అంటే తీసేయడం. దానితో తీసేసినది చెత్తబుట్టలోకి వెళ్లదు, నేరుగా పోతుంది. పక్కన చిన్న గీత, ఐ చేర్చితే తీసేముందు అడుగుతుంది. రెండవది సుడో. ఇది ఆఫీసరు గారి ముద్ర వంటిది. అది ముందుంటే యంత్రం ఎదురు చెప్పదు. సంకేతపదం అడుగుతుంది, కొట్టేటప్పుడు చాలావాటిలో తెరమీద ఏమీ కనబడదు, కంగారు పడకండి. భద్రతా మార్పులు తెచ్చుకోవడానికి సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ తరువాత సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్, వారానికొకసారి చాలు. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ.

చదవని కాగితం మీద ముద్ర వేయకూడదని సర్వీసంతా పాటించాం. ఇక్కడా అంతే. ఎవరో ఫోన్ చేసి, బ్యాంకు నుంచనో, లైఫ్ సర్టిఫికెట్ కోసమనో చెప్పి, ఏదో ఆజ్ఞ కొట్టమంటే కొట్టవద్దు. ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయినట్లు తెలిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

చివరగా ఒక విజ్ఞప్తి. నేను చెప్పిన వెతికే ఆజ్ఞ, నకలు ఆజ్ఞ, సరిచూసే ఆజ్ఞ ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, అసలు పీపీఓ ఉన్న ఫైలులో పెట్టండి. సంకేతపదాలు మాత్రం ఆ కాగితం మీద వద్దు. ఒక ఆదివారం ఇంట్లో ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, మీరు పక్కన నిలబడి, ఆమె చేతనే ఆ మూడూ కొట్టించండి. పెన్షనర్ ఆవిడే అయితే ఆయన్ను కూర్చోబెట్టండి. మనకు తెలిస్తే సగమే పని. మన తరువాత ఉండేవారికి తెలిస్తేనే పని పూర్తయినట్లు.