పాత లీవర్ రైఫిల్‌కు ఎంత ఇవ్వవచ్చు?

ఇక్కడ టెక్సస్‌లో జింకల సీజన్ దగ్గర పడుతుంటే మన తెలుగువాళ్లలోనూ ఈ ప్రశ్న వినిపిస్తుంది: "తాకట్టు కొట్టులో పాత వించెస్టర్ ఒకటి ఉందండీ, చెప్పిన ధరకు తీసుకోవచ్చా?"

అది వేటకా, దాచుకోవడానికా? ముందు ఆ సంగతి తేల్చుకోండి. ఒకే తుపాకికి రెండు ధరలు ఉంటాయి. సేకరణ కోసం కొనేవాడు ఇచ్చేది ఒకటి, అడవికి పట్టుకెళ్లేవాడు ఇవ్వవలసింది మరొకటి. అమ్మేవాడు ఎప్పుడూ మొదటిదే చెబుతాడు. వేటకైతే మీరు రెండోదానికే బేరమాడాలి.

వించెస్టర్ 94నే చూడండి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ రైఫిల్ 1894లో వచ్చింది. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది. తూటాను పైకెత్తే భాగాన్ని రేకుతో చేశారు, గట్టి పిన్నుల చోట బోలు పిన్నులు పెట్టారు. అంతే, "ప్రీ సిక్స్‌టీఫోర్" అన్న మాటే ఒక ధర అయి కూర్చుంది. మార్పు తర్వాతి వాటి సీరియల్ నంబర్లు 27 లక్షల నుంచి మొదలవుతాయి. నా మటుకు, వేటకైతే ఆ తర్వాతి రైఫిల్ కూడా చక్కగా పనికొస్తుంది. వంద గజాల లోపు నిలబడ్డ జింకకు పిన్ను బోలుదో గట్టిదో తెలియదు. పెట్టె, కాగితాలు లేకుండా, కాల్చి వాడిన స్మారక ఎడిషన్లకు మాత్రం బంగారు పూత చూసి ఎక్కువ ఇవ్వకండి. వాటిని వేల సంఖ్యలో చేశారు.

ఇక మార్లిన్ 336. 1948లో వచ్చింది. దీని ఖాళీ తూటా పక్కకు పడుతుంది కాబట్టి పైన స్కోపు బిగించుకోవచ్చు. 1980ల ముందరి వించెస్టర్లలో అది పైకి ఎగురుతుంది, స్కోపు సరిగ్గా పైన పెట్టడం కుదరదు. నలభై దాటి, ముందు సైటు మసకగా కనిపించేవాళ్లకు ఈ ఒక్క తేడా చాలు. మార్లిన్‌ను రెమింగ్టన్ కొన్నాక, తయారీ న్యూయార్క్ రాష్ట్రానికి మారిన తొలి ఏళ్లలో నాణ్యత బాగా పడిపోయింది. అందుకే గొట్టం మీద "జేఎమ్" ముద్ర ఉన్న పాత కనెక్టికట్ కార్ఖానా రైఫిల్‌కు గిరాకీ. ముద్రకు కాస్త ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కానీ గ్లెన్‌ఫీల్డ్ అన్న పేరు కనిపిస్తే వదలకండి. అదీ మార్లిన్‌దే, చవక చెక్కతో చౌకగా అమ్మిన రకం. లోపలి యంత్రం అదే, ధర తక్కువ.

ఇప్పుడు రైఫిల్ చేతికి తీసుకున్నారు. ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి, అమ్మేవాడి మాట చాలదు. తర్వాత స్క్రూల తలలు చూడండి. గాడులు చిట్లి ఉంటే ఎవరో చేయి తిరగని మనిషి విప్పాడని అర్థం. గొట్టం మీద అక్షరాల అంచులు అరిగి, పైన బ్లూయింగ్ మాత్రం తళతళలాడితే, అది మళ్లీ పట్టించిన పూత. పాత కారుకు కొత్త రంగు వేసినట్టే: సేకరించేవాడి దృష్టిలో విలువ సగం పోయింది, వేటగాడికి అదొక బేరమాడే సాకు. చెక్క పగుళ్లు వెతకవలసిన చోటు రిసీవర్ వెనక, చెక్క ఇనుముతో కలిసే దగ్గర.

అన్నిటికన్నా ముఖ్యం గొట్టం మూతి. వించెస్టర్ 94ను వెనక నుంచి శుభ్రం చేయడం కుదరదు. కడ్డీని మూతి నుంచే దూర్చాలి. అరవై ఏళ్ల పాటు అలా దూరిస్తే మూతి దగ్గర గాడులు అరుగుతాయి, గురి చెదురుతుంది. మార్లిన్‌లో లీవర్ స్క్రూ ఒకటి విప్పితే బోల్టు బయటికొస్తుంది, వెనక నుంచే తుడవచ్చు. చిన్న టార్చి తీసుకెళ్లండి. గొట్టంలో గాడుల అంచులు పదునుగా కనిపించాలి. గుంటలు కనిపిస్తే మాటలు ఆపి బయటికి రండి.

గొట్టం మీద తూటా పేరు చదవండి. థర్టీ-థర్టీ అయితే చాలా కొట్లలో దొరుకుతుంది. థర్టీటూ స్పెషల్, థర్టీఫైవ్ రెమింగ్టన్ అంటే రైఫిల్ చవగ్గా వచ్చినా తూటాల కోసం తిరగాలి. ఆ తిరుగుడు ధరలోంచి తీసేయండి.

ధర తెలుసుకోవడానికి గన్‌బ్రోకర్ లాంటి వేలం చోట్ల అమ్ముడైపోయిన వాటి ధరలే చూడండి. అడుగుతున్న ధరకు అర్థం లేదు, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. రైఫిల్ వేరే రాష్ట్రం నుంచి వస్తే లైసెన్సున్న డీలరు చేతికే రావాలి. రవాణా, డీలరు రుసుము, పన్ను కలిపి లెక్క వేసుకోండి.

హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్లకు ఒక మాట. మామూలుగా ఫెడరల్ చట్టం మీకు తుపాకి అనుమతించదు. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. బేరానికి వెళ్లేముందే ఆ కాగితం చేతిలో ఉండాలి, అదీ గడువు తీరనిదై ఉండాలి. గ్రీన్ కార్డువాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

తొందర లేకపోతే ఇప్పుడు కొనకండి. అక్టోబరులో అందరికీ రైఫిల్ కావాలి. సీజన్ ముగిసి, పండగ ఖర్చుల బిల్లులు వచ్చే ఫిబ్రవరిలో వెళ్లండి. అప్పుడు ముందుగా ధర తగ్గించేది కొట్టువాడే.