రంగూను ప్రయాణము



వచ్చు సంవత్సరము నాకు షష్టిపూర్తి. బంధువులు హోమములును విందులును తలపెట్టుచున్నారు. నేనా ద్రవ్యముతో మా తల్లిగారిని, ఆమె జన్మస్థానమగు రంగూనునకు గొనిపోవ సంకల్పించితిని.

పూర్వము విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి మనవారు వేలకొలది పొగయోడలపై బర్మాకేగి, బియ్యపుమిల్లులలోను, ఓడరేవునందును కష్టించిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు తెలుగువారిని కోరంగీలనిరి. ఆ పిలుపులో గౌరవము తక్కువయేయని మా మాతామహులనెడివారు. 1941 డిసెంబరు 23వ తేదీని జపానువారు రంగూనుపై బాంబులు వైచిరి. 1942లో లక్షలకొలది భారతీయులు బర్మా విడిచిరి. ఓడలో చోటు దొరకనివారు పలువురు అరకాను కొండలదారిని నడచిరి. ఆరేండ్ల మా యమ్మ తండ్రి భుజముపై వచ్చినది. ఆమె తమ్ముడు రాలేదు.

నా సంకల్పము వినినంతనే అమ్మ, "నాయనా! ఇల్లు చూచి నేనేమి చేసెదను? వానినెక్కడ విడిచితిమో ఆ దారి చూపగలవా?" యని యడిగినది. నాకు మాట రాలేదు.

2021లో సైనికులు రాజ్యమును గైకొనిన పిమ్మట అరకాను యుద్ధభూమియైనది. ఆ కొండలకు వృద్ధురాలినెట్లు కొనిపోదును? కావున రంగూను మట్టుకే. అదియైనను వానలు వెనుకబట్టిన పిదప, వైద్యుడును, అచ్చటి పరిస్థితులును అనుమతించినచో. పుట్టినదినముననే చేరవలయునను పట్టుదల మానుకొంటిని. విందు కోరిన బంధువులు నన్ను క్షమింతురుగాక.

ఒక్క ప్రార్థన. మీలో ఆ దారిని నడచి వచ్చిన పెద్దలుగాని, వారి సంతతివారుగాని యున్నచో, భోజనానంతరము మా యమ్మతో మాటలాడుడు. ఆమె స్త్రీల వరుసలో, రెండవ స్తంభము కడ కూర్చుండియున్నది.