బాలల చాకిరికి హేతువేమి?

 

పేద దేశాలలో పిల్లలు ఎందుకు పనిచేయవలసి వస్తున్నదని అడిగితే, పేదరికమే కారణమని మనమందరం బదులిస్తాము. కాని ప్రతీత్యసముత్పాదం నేర్చిన మనం ఒక్క హేతువుతో తృప్తి పడరాదు.

ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర పత్తి విత్తన క్షేత్రాలను చూడండి. అక్కడ సాయంత్రం మొగ్గలోని కేసరాలను గిల్లివేసి, మరునాటి ఉదయం ఆ పూలకు పుప్పొడి అద్దాలి. ఏళ్ల తరబడి ఈ పనిలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల బాలికలే ఉండేవారు. చిన్న వేళ్లకే ఆ నేర్పు ఉందన్నారు. అది సాకు మాత్రమే. పెద్దలకిచ్చే కూలికంటె తక్కువకు వారు దొరికారు. విత్తన కంపెనీ ధర బిగిస్తే రైతు కూలి తగ్గించాడు. తల్లిదండ్రులు ముందుగా తీసుకున్న బయానా తీరేవరకు బిడ్డ చేనుకు కట్టుబడింది. బిడ్డ చౌకగా పనిచేసినందున తల్లికి కూలి బేరమాడే బలం పోయింది. ఈ విధంగా పేదరికపు ఫలమే తిరిగి పేదరికానికి హేతువైనది.

ఈ గొలుసు తెగదా? తెగుతుంది. శ్రీలంక సంపన్నం కాకమునుపే, 1945లో, కన్నంగర కృషితో ఉచిత విద్యను స్వీకరించింది. కేరళ కూడ ధనిక రాష్ట్రం కాని రోజులలోనే పిల్లలను బడికి చేర్చింది. మన రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, వారి సహచరులు పనిలోని పిల్లలను శిబిరాలలో చదివించి బడికి పంపారు. పేద తల్లిదండ్రులకు చదువుపై కోరిక లేదన్న మాట అక్కడ నిలువలేదు.

మన రాజ్యాంగం పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు వారందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని 1950లోనే ఆదేశించింది. విద్యాహక్కు చట్టం 2009లో గాని రాలేదు. 2016 సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకొనుటను నిషేధిస్తూనే, బడి వేళల తరువాత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునన్నది. కుటుంబ వృత్తి అంటే ఈ దేశంలో తరచుగా కులవృత్తియే గదా! బాబాసాహెబ్ మనలను విడిపించదలచినది దాని నుండియే.

మేము కళాశాలలో ప్రతి ఉదయం హాజరు పిలుస్తాము. రాగలిగినవారే పలుకుతారు. చేనులో మిగిలినవారికి ఆ పట్టీలో పేరే లేదు.

సిగాలోవాద సుత్తంలో తథాగతుడు బిడ్డలకు విద్య నేర్పుట తల్లిదండ్రుల ధర్మమనియు, శక్తికి తగిన పనియే అప్పగించుట యజమాని ధర్మమనియు బోధించాడు. కనుక మన ఇళ్లలో, మన పొలాలలో బడి ఈడు బిడ్డను పనికి పెట్టుకోరాదు. మన వాడలో బడి మానిన బిడ్డ ఎవరో, ఆ ఇంటి అప్పు ఎంతో మనమే వెళ్లి తెలుసుకోవాలి. పంచశీలను గైకొన్నవారికి ఇది అదనపు సేవ కాదు, కనీస కర్తవ్యం.

సర్వులకూ మంగళమగుగాక.