ఆగని ఆజ్ఞ

మన యెముకల మూలుగలో రక్తకణములు నిరంతరము పుట్టుచుండును. బయటి సంకేతమును ఒక ప్రోటీను మరియొకదానికి ఫాస్ఫేటు తగిలించి కేంద్రకమునకు చేర్చును; పని తీరగానే ఆ వార్త ఆగును.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అను రక్తక్యాన్సరులో ఈ కట్టుబాటు తప్పును. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల కణములలో పొట్టి క్రోమోజోమును చూచిరి. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకొనుటయే కారణమని 1973లో జానెట్ రౌలీగారు తెలిపిరి. ఆ అతుకున పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీను, ఎవరును పిలువకున్నను "పెరుగుము" అని ఆజ్ఞాపించుచునే యుండును.

2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర, ఆ ప్రోటీను ఫాస్ఫేటు గ్రహించు తావున చేరి దాని నోరు మూయించును. అంతమాత్రమున రోగమూలమైన కణములన్నియు నశించినవని కాదు. కావున ఒంట్లో బాగున్నదని మనంతట మనము మాత్ర మానరాదు. వైద్యుని మాటయే ప్రమాణము.