ఆటో కిరాయి గీత

గ్రాఫు కాగితం చూస్తే బెదిరే పిల్లలు చాలామంది. ఆ బెదురు పోవడానికి ఒక ఆటో లెక్క చూద్దాం.

ఎక్కగానే 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 10 అనుకోండి. దూరం ఎక్స్, కిరాయి వై అయితే, వై = 10ఎక్స్ + 30. ఎక్స్ సున్నా అయితే వై 30, రెండయితే 50. వై అక్షం మీద సెంటీమీటరుకు 10 రూపాయలు తీసుకుని, ఈ రెండు బిందువులూ పెట్టి స్కేలుతో కలపండి. మూడో బిందువు కూడా తప్పక చూడాలి: ఎక్స్ 5 అయితే వై 80. అది గీత మీద పడలేదా, లెక్క ఎక్కడో తప్పింది!

గీత వై అక్షాన్ని తాకేది 30 దగ్గర. కిలోమీటరుకు పదేసి పెరగడమే వాలు. 1637లో గణితవేత్త దెకార్త్ అచ్చువేయించిన పుస్తకం బీజగణితాన్ని రేఖాగణితంతో ఇలా ముడివేసింది. ఎంత గొప్ప ఆలోచన!

ఉపాధ్యాయులకు ఒక మనవి: సూత్రం బట్టీ పట్టించేముందు పిల్లలచేత ఒక్క గీత గీయించండి.