నిమ్మకుండీలోని అతిథి
(పిల్లలతో కలిసి ఇంట సీతాకోకచిలుకల పెంపకం: ప్రసంగ పాఠం)



బతుకుదెరువుకై బళ్లారి చేరిన కుటుంబానికి పెరడు లేకపోవచ్చును; మిద్దెపైనో మెట్ల పక్కనో ఒక నిమ్మ కుండీకి, కరివేపాకు మొక్కకు చోటు దొరకకపోదు. ఆ మొక్క లేత ఆకుపై పక్షి రెట్ట వంటి మచ్చ కనబడితే పుల్లతో తీసి పారవేయడం పరిపాటి. కాసేపు ఆగి చూస్తే ఆ మచ్చ కదులుతుంది. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. రెట్టవలె కనబడడమే పక్షుల నుండి దానికి రక్షణ.

తల్లి చిలుక లేత ఆకులపై ఆవగింజంతటి పసుపుపచ్చని గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. 3, 4 రోజులలో పురుగు వెలువడి, 4 సార్లు కుబుసం విడిచి, రమారమి 2 వారాలలో పచ్చని రంగుకు వస్తుంది. ముట్టుకుంటే తల వెనుక నుండి చీలిన కొమ్మును చాచి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు భయపడనక్కరలేదు, అది కుట్టదు. పిమ్మట ప్యూపాగా మారి, వెచ్చని రోజులలో 8 నుండి 10 రోజులు నిశ్చలంగా ఉంటుంది.

పెంపకానికి వెడల్పు మూతిగల సీసా, పైన పలుచని గుడ్డ చాలును. అడుగున కాగితం పరచి, రెట్టలను రోజూ తీసివేయాలి. రెమ్మను నీటిసీసాలో నిలిపితే, పురుగు నీటిలో పడకుండా మూతికి దూది పెట్టాలి. ప్యూపా కట్టుకొనుటకు ఒక ఎండుపుల్ల ఉంచాలి. నేరుగా ఎండ తగలరాదు. అంగడి కరివేపాకుపై పురుగుమందు ఉండవచ్చును గనుక అది పెట్టరాదు. ఒకటి రెండు పురుగులే చాలును. ఏ చెట్టుపై దొరికితే ఆ చెట్టు ఆకే ఆహారం: జిల్లేడు పురుగుకు కరివేపాకు వేస్తే పస్తుండి చస్తుంది.

హిందూపురం వైపు నుండి వచ్చిన కుటుంబాలకు పట్టుపురుగుల పెంపకం తెలిసినదే. శుభ్రత, మందు తగలని ఆకు, పొగ సోకని గది: నియమాలు అవే. ఫలం మాత్రం వేరు. అక్కడ దారం తెగకుండుటకు చిలుక వెలువడకమునుపే గూటిని వేడికి గురిచేస్తారు. ఇక్కడ చిలుక ఎగిరిపోవడమే ఫలం.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరియా సిబిల్లా మేరియన్ అనే బాలిక 13వ ఏట పట్టుపురుగులను పెంచి, వాటి మార్పులను గమనించింది. బురద నుండి పురుగులు పుడతాయని ఎందరో నమ్మిన కాలమది. ఆమె 1679లో గొంగళిపురుగుల గ్రంథాన్ని ప్రచురించింది. ఆ పరిశీలనకు మూలం ఓపికతో చూడడమే.

చిలుక వెలువడునప్పుడు రెక్కలు ముడతలు పడి ఉంటాయి. జాలిపడి లాగితే అది జీవితాంతం ఎగరలేదు. తనంతట తానే ద్రవాన్ని రెక్కలలోకి నింపి, వాటిని విప్పి, ఆరబెట్టుకోవాలి. అందుకు గంటో రెండు గంటలో పడుతుంది. ఒక్కొక్కమారు ప్యూపా నల్లబడి, చిలుకకు మారుగా చిన్న కందిరీగ వెలువడుతుంది. అప్పుడు పెద్దలు రహస్యంగా మరొక ప్యూపాను తెచ్చిపెట్టరాదు. కందిరీగ గుడ్డు ఆ పురుగులోనే పెరిగిందని ఉన్నదున్నట్లు చెప్పాలి. పిల్లలు ఏడుస్తారు, మరునాడు మళ్లీ ఆకులు వెదుకుతారు.

రెక్కలు ఆరిన చిలుకను పిల్లవాడు తన దగ్గరే ఉంచుకొంటానని మారాం చేయవచ్చును. ఎండ వచ్చిన వేళ మిద్దెపై, పూలున్న చోట సీసా తెరిపించండి. మొక్కపై మందు చల్లకుండా ఒక కొమ్మను పురుగులకే విడిచిపెట్టండి. ఎగిరిపోయిన చిలుక గుడ్లు పెట్టుటకు అదే కుండీకి తిరిగి రావచ్చును.